మీసాల వడ్లు దొరికిన ఆదివారం

విత్తనాలు భద్రపరిచే ఉద్యోగం పాతికేళ్ళ పైన చేశాను. అన్నేళ్ళలో నా చేతుల మీదుగా ఒక్క వరి రకం చచ్చిపోయింది. ఈమధ్య ఇదే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు మా ఇంటికొచ్చి, "మీ సర్వీసులో మీరు బాగా చేసిన పని ఒకటి చెప్పండి సార్" అని అడిగారు. బాగా చేసిన పనులన్నీ రిటైర్మెంట్ సభలో చెప్పేశారు, శాలువాలు కప్పేశారు. అందులో సగం నేను చెయ్యలేదు కూడా. అందుకని వాళ్ళకు నేను చెడగొట్టిన పని గురించి చెప్పాను. చెబుతుంటే నా గొంతు పెరిగిపోయిందట, వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి తొంగిచూసింది. అదే మీకూ రాస్తున్నాను.

మా వరి పరిశోధన స్టేషన్లో ఓ చల్లగది ఉండేది. రోహిణీ కార్తెలో బయట కాకులు నోళ్ళు తెరుచుకుని కూర్చుంటే, నేను స్వెట్టర్ తొడుక్కుని, చెవులకు మఫ్లర్ చుట్టుకుని లోపలికి వెళ్ళేవాణ్ణి. గదినిండా ఇనుప అరలు. అరల్లో వెండిరంగు ప్యాకెట్లు. ఒక్కో ప్యాకెట్లో ఒక్కో పాత వరి రకం. ఒకప్పుడు ఈ డెల్టాలో ఎవరో ఒకరు ఏటా నారుపోసి, నాటి, కోసి, తిన్నవే అవన్నీ. ఇప్పుడు పొలాల్లో నాలుగైదు రకాలే కనిపిస్తాయి. మిగతావన్నీ మా అరల్లో నిద్రపోతుండేవి. కొన్నేళ్ళకోసారి ఒక్కో ప్యాకెట్లోంచి కొన్ని గింజలు తీసి, తడికాగితంలో చుట్టి, ఎన్ని మొలుస్తున్నాయో లెక్క చూడాలి. తగ్గుతుంటే పొలంలో వేసి కొత్త గింజ తీసుకోవాలి. దాన్ని బాగా ఆరబెట్టి, సీలు వేసి మళ్ళీ అరలో పెట్టాలి. దానిలోంచే కొంత నగరంలో ఉన్న పెద్ద విత్తన బ్యాంకుకు పంపాలి. ఒకచోట పోయినా ఇంకోచోట ఉంటుందని. అంతే మా పని.

నేను చేరిన కొత్తలో నాకు పని నేర్పిన పెద్దాయన ఒకరుండేవారు. స్టోరు ఆయనదే. తేమ కొలిచే మిషన్ ఉన్నా ఆయన దాన్ని నమ్మేవారు కాదు. గింజను పంటికింద పెట్టుకుని కొరికేవారు. "టక్కుమనాలిరా. టక్కుమంటే సీలు వెయ్యి. కుయ్యిమంటే మళ్ళీ ఆరబెట్టు. తడి గింజను ఎంత చల్లటి గదిలో పెట్టినా అది శవాన్ని దాచిపెట్టినట్టే" అనేవారు. నేను నవ్వేవాణ్ణి.

ఆయన రిటైరైన కొన్నేళ్ళకు ఓ కార్తీకంలో ముసురు పట్టి వదల్లేదు. ఆ ఏడు పొలంలో వేసి తీసిన రకాల్లో ఒకటి అన్నిటికన్నా ఆలస్యంగా కోతకొచ్చింది. మిగతావన్నీ ఆరిపోయాయి, అది ఇంకా ఆరుతోంది. పెద్ద బ్యాంకుకు వెళ్ళే జీపు మర్నాడు పొద్దున్నే బయల్దేరుతుందని ఆఫీసు నుంచి కబురొచ్చింది. నేను గింజ కొరికి చూశాను. టక్కుమనలేదు. ఇంకో గింజ కొరికాను. అదీ అనలేదు. ఇంకొక్క రోజు ఆరితే బాగుండునని తెలుసు. జీపు మళ్ళీ ఎప్పుడు వెళుతుందో అనుకుని సీలు వేసేశాను. మాకో ప్యాకెట్టు, వాళ్ళకో ప్యాకెట్టు. రిజిస్టర్లో సంతకం పెట్టి ఇంటికెళ్ళి, మిరపకాయ బజ్జీలు తిన్నట్టు కూడా గుర్తుంది. తప్పు చేసిన రోజు మామూలు రోజులాగే ఉంటుంది మరి.

ఆ సంగతి మర్చిపోయాను. ఆ ప్యాకెట్టుకు మళ్ళీ మొలక చూసే వంతూ రాలేదు. ఇంకో రెండేళ్ళలో రిటైర్ అవుతాననగా మా స్టేషన్‌కు కొత్త శాస్త్రవేత్త వచ్చారు. నాకన్నా ఇరవయ్యేళ్ళు చిన్న. నేను మేడమ్ అనేవాణ్ణి. ఆవిడ నా పేరుకు గారు తగిలించి పిలిచేవారు. నవ్వు తక్కువ, పని ఎక్కువ. ఓ రోజు పిలిచి, "సముద్రం వైపు శివారు భూముల్లో ఉప్పు పైకి తన్నుతోందండి. మన పాత రకాల్లో ఉప్పుకు ఓర్చుకునేవి ఏమున్నాయో చూసి, ఒక్కోదాంట్లో యాభై గింజలివ్వండి. కుండీల్లో పెట్టి చూద్దాం" అన్నారు.

రిజిస్టర్లు తిరగేస్తే ఏడు రకాలు తేలాయి. ఏడో దాని ఎదురుగా మా పెద్దాయన చేతిరాత: "మీసాల వడ్లు. నల్ల పొట్టు, బెత్తెడు మీసము, మొక్క మొదలు ఊదారంగు, ఎర్ర బియ్యము. ఉప్పునీట నిలుచును." మిగతా ఆరింటికీ ఇంత గట్టిగా ఎక్కడా రాసి లేదు. నాకు భలే హుషారొచ్చింది. అదే అసలైన సరుకు అనుకున్నాను.

ఇచ్చేముందు మొలక చూడాలి గదా. ఏడింటినీ తడికాగితాల్లో చుట్టి పెట్టాను. అయిదో రోజున విప్పితే ఆరు రకాలు తెల్లటి వేళ్ళు చాపి ఉన్నాయి. ఏడోది అలాగే ఉంది. పాత రకం, బద్ధకించిందిలే అనుకున్నాను. ఎనిమిదో రోజు చూశాను. పదో రోజున గింజల మీద బూజు పట్టింది. వేలితో నొక్కితే మెత్తగా చితికిపోయాయి. ప్యాకెట్టు మీద సీలు వేసిన తేదీ చూశాను. నా చేతిరాతే. ముసురు, జీపు, టక్కుమనని గింజ, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. 

అప్పటికప్పుడు మేడమ్ గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ విని, పెన్ను కింద పెట్టి, "పెద్ద బ్యాంకులో ఉంటుంది గదండీ?" అన్నారు.

"ఉంటుంది మేడమ్. ఇదే గింజ."

ఆవిడకు అర్థమైంది. అయినా ఉత్తరం రాశారు. పదిహేను రోజులకు జవాబొచ్చింది. వాళ్ళ దగ్గరా ఒక్కటీ మొలవలేదు. మేమూ పెద్ద బ్యాంకువాళ్ళూ ఒకే చెరువులో నీళ్ళు రెండు బిందెల్లో దాచుకున్నాం, అవి కుళ్ళు నీళ్ళని చూసుకోలేదు.

"కరెంటు కోతల వల్ల పోయిందని రాసేస్తే ఎవరూ అడగరు గదా. ఎందుకు చెప్పారు నాకు?" అన్నారు మేడమ్.

"రాయొచ్చండి. రేపు ఇంకోడు జీపు వెళ్ళిపోతోందని తడి గింజకు సీలు వేస్తాడు."

 తిడతారేమో అనుకున్నాను. "సరేనండి. పోగొట్టింది మనం. వెతకాల్సింది మనమే. రిజిస్టర్లో ఈ వడ్లు ఇచ్చిన ఊరు ఏదుందో చూడండి" అన్నారు.

ఊరు ఉంది. అమలాపురం దాటి ఇంకా కిందికి, సముద్రపు గాలి తగిలేంత దూరం. ఇద్దరం జీపులో వెళ్ళాం. వడ్లు ఇచ్చిన రైతు ఎప్పుడో పోయారు. ఆయన మనవడు మమ్మల్ని గట్టు మీదికి తీసుకెళ్ళి, "మా తాతగారి పొలం ఇదేనండి" అని చెయ్యి చాపాడు. ఎదురుగా రొయ్యల చెరువులు. నీళ్ళమీద ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. "వడ్లంటే మా నాన్నగారి హయాంలోనే మానేశామండి. ఆ మీసాలు గుచ్చుకుని కూలోళ్ళు తిట్టుకునేవోరని చెప్పేవోరు" అన్నాడు.

ఆ చుట్టుపక్కల ఎన్ని ఊళ్ళు తిరిగామో! ప్రతిచోటా పెద్దవాళ్ళకు గుర్తుంది. వండితే ఎలా ఉండేదో ఒకరు చెబుతారు, గడ్డి ఎంత ఎత్తు వచ్చేదో ఒకరు చెబుతారు. గింజ మాత్రం ఒక్కరి గాదెలోనూ లేదు. దసరా దాటింది.  అనుకున్నాను, ఈ పాపం మూటగట్టుకునే రిటైరవుతానని.

ఇప్పుడు ఒకామె గురించి చెప్పాలి. మా స్టేషన్ పొలాల్లో బెరుకులు తీసే కూలీలుండేవారు. విత్తనం కోసం పెంచే మడిలో వేరే రకం మొక్క ఒక్కటి కలిసినా విత్తనం పాడవుతుంది. అలా కలిసిన మొక్కల్నే బెరుకులంటాం. వాటిని పోల్చి పీకెయ్యాలి. చెప్పినంత తేలిక కాదు. పచ్చటి మడిలో పచ్చటి మొక్కను పట్టుకోవడం. ఆ పనిలో ఆమెను మించినవాళ్ళను నేను చూడలేదు. గట్టుమీద నిలబడి కళ్ళు చికిలించి, "అదిగోనండి, ఆ నాలుగో సాలులో" అనేది. మేం దగ్గరికెళ్ళి చూసినా మాకు తేడా తెలిసేది కాదు. వెన్ను వేశాక చూస్తే ఆమె చెప్పిందే నిజం. చదువు లేదు. వయసు నాకంటే ఓ రెండేళ్ళు ఎక్కువే ఉంటుంది. అక్కా అని పిలిచేవాణ్ణి. మా దగ్గర పని లేనప్పుడు గోదావరికి అటూ ఇటూ రైతుల పొలాలకూ వెళ్ళేది.

ఓ మధ్యాహ్నం ఆమె షెడ్డు నీడలో అన్నం తింటుంటే నేను పక్కన కూలబడ్డాను. చొక్కా జేబులో ఆ చచ్చిన గింజలు కొన్ని కాగితంలో పెట్టుకుని తిరుగుతుండేవాణ్ణి. ఎందుకని అడక్కండి. తీసి చూపించి, "ఇలాంటివి ఎక్కడైనా చూశావా అక్కా?" అన్నాను.

ఆమె ఎడమచేత్తో గింజను వెలుతురుకేసి పట్టుకుంది.

"మీసాల బెరుకు గదండి ఇది!"

"ఎక్కడ చూశావ్?"

"చూట్టమేంటండి, కిందటేడు పీకి పీకి నా సేతులు పుళ్ళు పడిపోతేనీ! యానాం అవతల, మురుగు కాలవ పక్కన పల్లపు మడి. ఆ రైతు ఇత్తనానికి ఏశాడండి. మూడు మోపులు పీకి గట్టుమీద పారేశాం."

 "మొత్తం పీకేశారా?"

ఆమె నవ్వింది. "పీకితే పోద్దేంటండి? మనం ఎళ్ళేటప్పటికే సగం రాల్చేసుకుంటాది. ఏడాదేడాది దానంతటదే లేస్తాది."

ఆమెకు ఆ రైతు ఫోన్ నంబరు తెలిసిన మేస్త్రి తెలుసు. అక్కడినుంచే ఫోన్ చేశాం. "ఉన్నాయండి బాబూ, ఉండకేం! ఈయేడు కూలీలు దొరక్క బెరుకులు తీయించలేదు. మూల మడంతా మీసాలే" అన్నాడు రైతు. వాటిని ముట్టుకోవద్దని బతిమాలాను. గింజ ఇంకా పూర్తిగా గట్టిపడలేదని, పదిరోజులు పడుతుందని చెప్పాడు. పచ్చి గింజ తెచ్చి మళ్ళీ చంపే ధైర్యం నాకు లేదు. ముదిరేదాకా ఆగుదామన్నారు మేడమ్ కూడా. పదిరోజులూ గడిచాక వచ్చే బుధవారం జీపు వేసుకుని వెళ్ళాలని నిర్ణయించాం.

దానికి ముందు ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

"ఏవండీ, స్టేషన్ సారేనా? టీవీ చూశారా? వాయుగుండం అంటున్నారండి. కోత మిషన్ దొరికింది. పదిన్నరకల్లా మా పొలంలో దిగుతాది. మీ మీసాలు కావాలంటే ఇప్పుడే రండి. నేను ఆపలేనండి, నా ఎనకాల ఇంకా ముగ్గురున్నారు."

మేడమ్ మీటింగు కోసం హైదరాబాదులో ఉన్నారు. జీపు డ్రైవరుకు ఆదివారం సెలవు. నేను లుంగీ మార్చి, కవర్ల కోసం ఇల్లంతా వెతికాను. ఒక్కో మొక్క గింజ విడివిడిగా పెట్టాలి గదా. చివరికి దొరికినవి మా అమ్మాయి పెళ్ళప్పుడు మిగిలిపోయిన శుభలేఖల కవర్లు. గుమ్మడికాయంత వినాయకుడి బొమ్మ ఉన్న కవర్లు ఓ కట్ట సంచిలో కుక్కుకుని, స్కూటర్ తీశాను. ఒక్కణ్ణే వెళితే ఏ మూల, ఏ మడి? మీసాలున్నవన్నీ ఒకటేనా? అక్క కావాలి. ఆదివారం ఆమె ఎక్కడుంటుందో ఊరందరికీ తెలుసు.

చర్చి లోపల పాట నడుస్తోంది. తెల్లచీరల వరసలో ఆమె తల కనిపించింది. గుమ్మం దగ్గర నిలబడి ఎలా పిలవాలో తెలియక చెయ్యి ఊపాను. నలుగురు వెనక్కి తిరిగారు. పాస్టరుగారు కూడా చూశారు. ఆమె బైబిల్ పక్కనామెకు ఇచ్చి బయటికొచ్చింది.

"ఏంటండి?"

"మిషన్ దింపేస్తున్నారట అక్కా. పదిన్నరకి."

ఆమె ఒక్క క్షణం లోపలికి చూసింది. "పదండి. పైనున్న ఆయనకి తెలుసులెండి" అని, తెల్లచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని స్కూటర్ ఎక్కేసింది.

ఆ స్కూటర్ ప్రయాణం నేను మర్చిపోలేను. ఆకాశం ఈశాన్యం వైపు కాటుక రంగులో ఉంది. దారిపొడుగునా కోత మిషన్లే. రోడ్డుమీదంతా వడ్లు పోసి, టార్పాలిన్లు కప్పుతూ జనం పరుగులు పెడుతున్నారు. ఎదుర్లంక వంతెన మీద గాలికి స్కూటర్ పక్కకు జరిగిపోతుంటే వెనకనుంచి ఆమె, "నిమ్మళంగా పోనివ్వండి, నేను గోదాట్లో పడితే ఆ మడి మీకెవరు సూపిత్తారు?" అని కేక. యాభై ఎనిమిదేళ్ళ వాణ్ణి, కాలేజీ కుర్రాడిలా తోలాను.

మేం వెళ్ళేసరికి మిషన్ దిగిపోయింది. పొలం ఆ చివర కోస్తోంది. రైతు గట్టుమీద నిలబడి ఉన్నాడు. అక్క చెప్పులు విడిచి, ఆయన్ని పలకరించను కూడా పలకరించకుండా బురదలోకి దిగి తిన్నగా కాలవ మూలకు నడిచింది. నేను వెనకే దిగాను.

అక్కడ చూశానండీ! చుట్టూ పొట్టి రకం వెన్నులు తెల్లగా తాలుపోయి నిలబడ్డాయి. ఉప్పు తిన్న మడి. వాటి మధ్య, వాటిని మించి రెండు జానలు పైకి, నల్లటి వెన్నులు. ఒక్కో గింజకూ బెత్తెడు మీసం. గాలికి ఆ మీసాలన్నీ ఒకవైపు వాలి లేస్తున్నాయి. కాగితమ్మీద చదివింది కళ్ళముందు బతికి ఊగుతోంది. ఫోన్ తీసి మేడమ్‌కు వీడియో కాల్ చేశాను.

"మొక్క మొదలు చూపించండి" అన్నారు ఆవిడ మీటింగు హాలు బయట నిలబడి. వంగి చూపించాను. ఊదారంగు. "గింజ నలపండి." అరచేతిలో నలిపి ఊదాను. ఎర్ర బియ్యం.   "అదేనండి" అన్నారు మేడమ్.  "అదే. కోయండి. ఎన్ని మొక్కలుంటే అన్ని."

కోయడం మొదలుపెట్టాను. మూడో మొక్క దగ్గర అక్క నా చెయ్యి పట్టుకుంది. "అది కాదండి. మీసం పొట్టి, మొదలు పచ్చ. అది మీ పొట్టి రకంతో కలిసిపోయింది. ఇటు రండి, ఇవి మంచియ్యి." నేనొక్కణ్ణే వెళ్ళుంటే ఆ సంకరాన్ని కూడా మోసుకొచ్చి గొప్పగా సీలు వేసుండేవాణ్ణి.

ఇంకో చిక్కు. ముట్టుకుంటే చాలు గింజ రాలిపోతోంది. వెన్ను వంచేలోపు సగం బురదలో. అక్క తన తెల్ల పైట విప్పి మొక్క కింద పరిచి పట్టుకుంది. నేను వెన్ను ఆ బట్టమీదికి వంచి కోసి, రాలినవి కూడా కలిపి వినాయకుడి కవర్లో పోసి, అంకె వేశాను. ఒక మొక్క, ఒక కవరు. మిషన్ చప్పుడు దగ్గరవుతోంది.

రైతు గట్టుమీంచి అరిచాడు. "నాకు తెలవక అడుగుతానండి. బెరుకులు పీకెయ్యండి, పీకెయ్యండి అని మాకు క్లాసులు పీకింది మీ స్టేషనోళ్ళే గదా? ఇప్పుడు మీరే వచ్చి ముత్యాల్లాగా ఏరుకుంటారేంటండి?"

"చెప్తానండి, ముందు మిషన్ కాస్త ఆపించండి!"

"ఆపనండి. చినుకు పడితే మునిగిపోతాను."

అప్పుడు నేను లేచి, "ఈ మూల ఏటా ఇలాగే తాలుపోతుందా?" అని అడిగాను.

"ఏటా అంతేనండి. ఈ దరిద్రపు మీసాలు బలం లాగేసుకోబట్టే మావి చస్తున్నాయి."

"ఇవి లాక్కోలేదండి. మీ కాలవలోంచి ఉప్పు ఎక్కుతోంది. మీవి తట్టుకోలేకపోయాయి, ఇవి తట్టుకున్నాయి. ఈ పాత రకాన్నే మేం ఎప్పట్నుంచో వెతుకుతున్నాం."

ఆయన తాలుపోయిన తన వెన్ను ఒకటి తెంపి చూశాడు. పక్కన నల్లటి వెన్ను తెంపి చూశాడు. రెండూ రెండు చేతుల్లో పెట్టుకుని బరువు తూచాడు. తర్వాత తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి గాల్లో ఊపుతూ మిషన్ వైపు పరిగెత్తాడు. "ఒరే, ఆపరా! ఈ మూల చివర్లో కొయ్యరా! ముందు పై మడి చూడు!" మిషన్ డ్రైవరు ఏదో విసుక్కున్నాడు. విసుక్కుంటూనే తిప్పాడు.

రైతు కూడా వచ్చి మడిలో దిగాడు. ముగ్గురం కలిసి గంటలో పూర్తిచేశాం. ఆఖరి కవరు మూస్తుంటే మొదటి చినుకు నా మెడమీద పడింది. చెప్పొద్దూ, ఆ బురదలోనే గంతేశాను. అక్క పగలబడి నవ్వింది. ఆమె తెల్లచీర మోకాళ్ళ దాకా నల్లగా ఉంది.

తిరుగు దారిలో వంతెన ఇవతల ఎక్సైజువాళ్ళు ఆపారు. యానాం నుంచి చవక మందు సీసాలు తెస్తారని వచ్చే సంచులన్నీ తనిఖీ. మా వాలకం చూస్తే ఎవరికైనా అనుమానమే. ఒళ్ళంతా బురద, వెనక అక్క ఒళ్ళో పాలిథిన్ చుట్టిన సంచి, దాన్ని బిడ్డలా పట్టుకోవడం. కానిస్టేబుల్ సంచి విప్పి శుభలేఖల కవరు తీసి, "ఎవరిదండి పెళ్ళి?" అన్నాడు. మూత తీయబోతే ఇద్దరం ఒకేసారి "వానండి, వాన!" అని అరిచాం. ఆయన గొడుగు కింద పెట్టి చూపించాను. ఆయన గింజలు చూసి, మా ఇద్దరి మొహాలూ చూసి, "వడ్ల కోసం ఇంత తడిశారా? పొండి" అన్నాడు.

ఈసారి ఆరబెట్టడంలో తొందరపడలేదు. మిషన్‌తో తేమ చూశాను. అదయ్యాక పెద్దాయన్ని తలుచుకుని పంటికింద కొరికాను. టక్కుమంది. అయినా ఇంకో రెండు రోజులు ఉంచాను.

అయితే నాకో బుద్ధి తక్కువ పని ఉంది. వారం తిరక్కుండా ఓ పది గింజలు ఇంట్లో తడిబట్టలో మూటగట్టి చూసుకున్నాను. ఒక్కటీ మొలవలేదు. అన్నం సయించలేదు. కొత్త వడ్లు కొన్ని నెలలు నిద్రలో ఉంటాయి, అప్పుడు మొలవవు. ఈ పాఠం ట్రైనీలకు ఏళ్ళ తరబడి చెప్పినవాణ్ణి నేనే. తెలుసు, అయినా భయం. మొహం వేలాడేసుకుని ఆ గింజలు అక్కకు చూపిస్తే వేళ్ళతో నొక్కి, "రాయిలా ఉంటే మీకు బెంగేంటండి? సచ్చింది మెత్తబడుద్ది. ఇది పడుకుంది. లేపకండి" అంది. మేడమ్‌కు చెబితే మొదటిసారి ఆవిడ పెద్దగా నవ్వడం విన్నాను.

తొలకరి సార్వా నారుమళ్ళ వేళకు, జ్యేష్ఠంలో అసలు పరీక్ష పెట్టాం. విప్పే రోజు అక్కను కూడా లాబ్‌కు పిలిపించారు మేడమ్. ఆమె చెప్పులు బయట విడిచి, టిఫిన్ క్యారియర్ చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే రాదు. చివరికి మేడమే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. నేను కాగితం చుట్ట టేబుల్ మీద పెట్టాను. విప్పడానికి ధైర్యం చాల్లేదు.

"నేనిప్పుతానుండండి" అంది అక్క.

విప్పింది. తెల్లగా, చిక్కగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ వేళ్ళు. మొక్క మొదలు అప్పుడే ఊదారంగు తిరుగుతోంది. వందలో మొలవనివి వెతకాల్సి వచ్చింది. ఆమె అయిదేసి చొప్పున వేలితో జరుపుతూ లెక్కపెట్టింది. నేను రాస్తున్నాను, అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

లెక్క అయ్యాక అక్క అడిగింది. "ఇప్పుడు ఈటిని ఏం సేత్తారండి?"

"పరీక్ష అయ్యాక పారేస్తాం అక్కా. పొలంలో వెయ్యడానికి వేరే గింజ తీసి ఉంచాం."

"పారేత్తారా?" ఆమె మొహం చూడాలి! "మొలిసిన గింజనా? ఆ వానలో దానికోసం పరిగెత్తిచ్చి, ఇప్పుడు పారేత్తారా? మా ఇంటెనకాల కాలవ గట్టున రెండు మూడు సెంట్ల జాగా కౌలుకి సేత్తన్నానండి. ఉప్పు జాగా, ఏదేసినా రాదు. నాకిచ్చేయండి, ఊడుసుకుంటాను."

నేను మేడమ్ వంక చూశాను. చల్లగదిలోని విత్తనం ఎవరికైనా ఇవ్వాలంటే అర్జీ, అనుమతి, పైవాళ్ళ సంతకాలు, బోలెడు తతంగం. మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని, ఎప్పటి మాదిరి గంభీరంగా, "రూల్సులో ఏముందండి?" అని నన్నడిగారు.

"విత్తనం బయటికివ్వాలంటే అనుమతి కావాలని ఉందండి. పరీక్ష అయిన మొలకల్ని మాత్రం పారెయ్యాలని ఉంది."

"అయితే రూలు ప్రకారం పారేయండి."

"ఎక్కడ పారెయ్యమంటారు మేడమ్?"

ఆవిడ అక్క చేతిలోని టిఫిన్ క్యారియర్ వైపు చూశారు. అక్క అప్పటికే పై గిన్నె మూత తీసి, అడుగున తడిబట్ట పరిచి, నా ముందు పెట్టేసింది.

ఒక్క వేరు కూడా విరగకుండా, ఒక్కొక్కటీ తీసి, అందులో పారేశాను.